ఆదివారం ఆరేసిన చొక్కా

మొన్న ఆదివారం మేముండే క్రోయిడన్ ఊళ్లో వాన తెరిపివ్వగానే బట్టలు ఆరేస్తుంటే, నా ఏడో ఏట ఈ దేశపు ఉత్తరపు కొసన చూసిన దీవి గుర్తొచ్చింది.

నాన్న పోయిన నెలకు అమ్మ, తన నర్సు ఉద్యోగానికి మూడు రోజులు సెలవు పెట్టి, నన్ను అక్కడి సముద్రపు పల్లెకు తీసుకెళ్లింది. ఒకటే వాన. ఆదివారం కాస్త ఆగగానే, వెంట తెచ్చుకున్న నాన్న చొక్కా ఉతికి తీగ మీద ఆరేసింది. మేము దిగిన ఇంటి ముసలావిడ పరుగున వచ్చి దాన్ని లాగేసింది.

"అమ్మా, నాన్న చొక్కా ఎత్తుకుపోతోందే!"

"అరవకురా, ఆవిడ వింటుంది."

"విననీ, తెలుగు రాదుగా!"

ఆవిడ కళ్లజోడు లాక్కుని సముద్రంలోకి విసిరేశానని మనవలకు చెబుతుంటాను. అబద్ధం. బల్ల మీది నుంచి కాజేసి జేబులో దాచుకున్నానంతే. ఆ సాయంత్రం ఆవిడ బైబిలు చదవలేక అమ్మ ముందుకు జరిపింది. అమ్మ చదువుతూ ఏడ్చింది. పొయ్యి పక్కన కుర్చీ మీద నాన్న చొక్కా ఆరుతోంది.

ఆదివారం దేవుడి రోజని అక్కడ ఎవరూ పని ముట్టరని, తీగ మీద బట్ట కనబడితే ఆ ఊరు తప్పు పడుతుందని, ఆవిడ అమ్మను మాట పడనివ్వలేదని పెద్దయ్యాక తెలిసింది.

కళ్లజోడు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. నాకు సరిగ్గా సరిపోతుందని చెబుతుంటాను. అదీ అబద్ధమే. పెట్టుకుంటే అంతా వానలో చూసినట్టే ఉంటుంది.