మొక్కజొన్న చేలో పలికిందెవరు?

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కునే రకం నేను. స్కూల్లో పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. కానీ దర్శి దగ్గర ఒక మొక్కజొన్న చేలో జరిగినదాన్ని ఏమనాలో మాత్రం నాకు తెలియదు. అర్ధరాత్రి జరిగి ఉంటే ఏ కలో అనుకుని ఊరుకునేదాన్ని. పట్టపగలు, ఎర్రటి ఎండలో జరిగింది.

అప్పుడు మేం ఒంగోల్లో డిగ్రీ ఆఖరి సంవత్సరం. సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళను వింతగా చూసే కాలం. పద్మా నేనూ ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ. నా జడ తను వేసేది, తన రికార్డులకు బొమ్మలు నేను వేసేదాన్ని. డిగ్రీలో చేరాక స్వప్న వచ్చి మా బెంచీలో కూర్చుంది. వాళ్ళది చీరాల, బట్టల వ్యాపారం. మంచి పిల్లే. నాకు మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్ళు మండేది.

కార్తీకమాసం, వనభోజనాల రోజులు. ఓ ఆదివారం ముగ్గురం పద్మ వాళ్ళ పిన్నిగారి పొలానికి వెళ్దామనుకున్నాం. పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి చూద్దును కదా, ఇద్దరూ ఒకే నెమలికంఠం రంగు చుడీదార్లు వేసుకుని నిలబడి ఉన్నారు. స్వప్న వాళ్ళ షాపు గుడ్డట.

"నీక్కూడా తెద్దామనుకున్నానే శైలూ, పీసు అయిపోయింది" అంది స్వప్న.

నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలుసు. బస్సులో కిటికీ పక్కన పద్మ, మధ్యలో స్వప్న, చివర్లో నేను. దర్శి దాకా పద్మ మొహం నాకు సరిగ్గా కనబడనే లేదు.

పొలం సాగర్ కాలవ పక్కనే. ఆ ఏడు మిరప మానేసి మొక్కజొన్న వేశారు. మనిషి కన్నా ఎత్తున పెరిగి, కంకులు పాలు పట్టి ఉన్నాయి. సాళ్ళు మారుతూ చేనంతా తిరిగి, అవతల కాలవ గట్టు మీద తేలాలని పద్మ ఆట పెట్టింది. దిగబోతుంటే పిన్ని ఆపింది.

"అమ్మాయిలూ, ఒక్క మాట. చేలోకి దిగాక పేరు పెట్టి ఎవరు పిలిచినా పలకాలి. అలిగి ఊరుకోకూడదు."

జొన్న వేసే రోజుల నుంచీ వాళ్ళింట్లో అదో పద్ధతట. ఎత్తు పైరులో ఎవరెక్కడున్నారో తెలియదు కాబట్టి పెట్టుకుని ఉంటారని నేననుకున్నాను.

"పలక్కపోతే ఏమవుద్దండీ?" అంది స్వప్న.

"బాగుండదమ్మా" అంది పిన్ని.

దిగీ దిగగానే పద్మ స్వప్న చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో తన చున్నీ ఎత్తిపట్టుకుంది. ఇక నాకు పట్టుకోవడానికి చెయ్యి లేదు. సాలులో ఇద్దరికి మించి పట్టరు కూడా. వెనకాల నడుస్తుంటే ఆకులు మోచేతులకి గీసుకుపోతున్నాయి. ముందు ఇద్దరూ ఏదో చెప్పుకుని పగలబడి నవ్వుతున్నారు. నేను ఆగిపోయాను. వెనక్కి తిరిగి చూస్తారేమోనని చూశాను. తిరగలేదు. ఆకుల్లో ఆ నెమలికంఠం రంగు రెండుసార్లు మెరిసి మాయమైపోయింది.

సరే పొండి అనుకుని, వచ్చిన దారినే బయటికి వచ్చేశాను. పిన్ని మోటారు షెడ్డు ముందు బొగ్గుల మీద కంకులు కాలుస్తోంది. పక్కన కూర్చుని కంకులు ఒలవడం మొదలుపెట్టాను. ఆవిడ నా మొహం చూసి, ఇంకో నాలుగు కంకులు నా ముందుకి తోసింది.

కాసేపటికి చేను మధ్య నుంచి పద్మ పిలిచింది.

"శైలూ!"

పలకలేదు. వెతుక్కోనీ, కంగారుపడనీ అనుకున్నాను. ఇప్పుడు గుర్తొచ్చానన్నమాట!

"ఏమే శైలూ! ఎక్కడున్నావే?"

"పలుకు తల్లీ" అంది పిన్ని బొగ్గులు విసురుతూనే. నేను కంకి పీచు పీక్కుంటూ కూర్చున్నాను. పద్మ ఇంకోసారి పిలిచింది. ఈసారి గొంతులో కాస్త భయం. నాకు హాయిగా అనిపించింది.

అప్పుడు చేను లోపల నుంచి జవాబొచ్చింది.

"ఓయ్... వస్తున్నానేఏఏ!"

ఆ చివర సాగదీయడం నాది. కాలేజీలో అందరూ దాన్ని అనుకరించి నన్ను ఏడిపించేవాళ్ళు. తెలియకుండానే నా చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. నోరు మూసే ఉంది. పిన్ని చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఆవిడ చేను వంక చూసి, నా వంక చూసింది.

లోపల నవ్వులు వినిపించాయి. మూడు గొంతులు. నిజం చెప్పనా, నాకు ముందు భయం వెయ్యలేదు. ఎవత్తె అది, నా పద్మతో, అని మండిపోయింది. భయం తర్వాత వచ్చింది.

"పద్మా! బయటికి రండే, కంకులు చల్లారిపోతన్నయ్!" అని పిన్ని అరిచింది. అలా ఎన్నిసార్లు అరిచిందో. చివరికి వచ్చారు. ఇద్దరే వచ్చారు.

పద్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ మొహం మాత్రం వెలిగిపోతోంది. మనసారా ఏడ్చి తేలికపడ్డ మనిషిలా ఉంది.

"మా వెనకే ఉన్నావుగా, ముందెలా వచ్చావే?" అంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. "ఇంక అలగనన్నావు, మాట తప్పితే ఊరుకోను." అంతలోనే నా చేతులు చూసి, "గాజులేవే?" అంది.

అప్పుడు చూశాను, తన ఎడంచెయ్యి బోసిగా ఉంది. బస్సు దిగేటప్పుడు రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులున్నాయి. ఆ గాజులంటే నాకెంత ఇష్టమో తనకి తెలుసు.

"నీకేగా తొడిగాను!"

నేను ఇక్కడే కూర్చున్నానంటే ఇద్దరూ నవ్వారు. "చాల్లేవే. మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారనేగా నేను ముందుకెళ్ళిపోయింది" అంది స్వప్న. నాకు గిట్టకపోయినా, అబద్ధమాడే పిల్ల మాత్రం కాదది. మేం బయల్దేరేటప్పుడు పిన్ని గుప్పెడు ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. నా ఒక్కదానికే తీసింది.

తిరుగు బస్సులో పద్మ నా పక్కన, నా భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచీ నేను కోరుకున్నది అదే. చేలో నాతో ఏం చెప్పావే అని మెల్లగా అడిగాను.

"ఒకసారి చెప్పానుగా. మళ్ళీ చెప్పమంటే సిగ్గేస్తదే" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా, ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వేసేది.

పంట కోశాక చేలో గాజు ముక్క కూడా దొరకలేదని పిన్ని కబురు చేసింది. పద్మ పెళ్ళిలో ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళి అడిగాను. "ఆ రోజు నువ్వు నా పక్కనే కూర్చున్నావమ్మా. నాకు తెలిసింది అదొక్కటే" అంది. కూలికొచ్చిన పిల్ల ఎవరైనా నా గొంతు పట్టిందేమో అని కూడా ఆలోచించాను. గొంతు సరే, మొహం ఎలా వస్తుంది?

స్వప్న మీద కుళ్ళు ఎప్పుడో పోయింది. దాని పిల్లలకి నేనే ట్యూషన్ చెబుతున్నాను. కానీ ఇప్పటికీ పద్మతో ఫోన్లో కాస్త మాట విసిరానంటే, "ఆ రోజు మొక్కజొన్న చేలో ఎంత బాగా మాట్లాడావే! అలా ఉండొచ్చుగా" అంటుంది.

నా పద్మ మనసులో మాట విని, నా గాజులు తొడిగించుకుని పోయింది. అదెవరో నాకు తెలియదు. దాని మీద మాత్రం నా కడుపుమంట ఇంకా చల్లారలేదు.