ఎడమ భుజం మీది మచ్చ

ఎలుగుబంటికీ మా తమ్ముడికీ మధ్య ఇప్పచెట్టు మొదలు ఒక్కటే అడ్డం. పూలు ఏరుతున్నవాడు లేచి, పరుగు తీయబోయాడు.

"కదలకు గుంటడా. పరిగెడితే మీద పడతాది." వెనక నుంచి పక్కింటి తాత గొంతు.

తమ్ముడు నా వైపు చూశాడు. తాత మాట నమ్మాలా అని ఆ చూపు. ఊళ్లో ఆయన మాట నమ్మేవారు ఎవరూ లేరు.

తొంభైల మొదట్లో సంగతి. విశాఖ మన్యంలో జి.మాడుగుల అవతల ఒక కొండ ఊళ్లో మా నాన్న బడిపంతులు. తాతది ఖాకీ నిక్కరు, ఎర్ర మఫ్లరు, చంకలో గొడుగు. కుర్రతనంలో విశాఖలో ఓడెక్కి సముద్రం అవతల మొంబాసా వెళ్లాననీ, అక్కడ తెల్లదొర వెంట తుపాకులు మోస్తూ సింహాల వేటకు తిరిగాననీ, ఒక సింహం తన ఎడమ భుజం చీల్చిందనీ చెప్పేవాడు. ఎంత ఎండలోనూ చొక్కా మాత్రం విప్పేవాడు కాదు.

ఆ రోజు ఇటుకల పండగ, ఏటా వచ్చే వేట పండగ. మా నాన్నతో సహా మగవాళ్లంతా విల్లంబులతో వేటకు పోయారు. ఉత్త చేతులతో కొండ దిగేవాళ్ల మీద పోయడానికి ఆడవాళ్లు బిందెల్లో పేడనీళ్లు కలిపి కూర్చున్నారు. పొద్దున్నే వాళ్లకు తాత దొరికాడు.

"సింహాల్ని సంపినోడివి, కొండెక్కవేటి తాతా? కుందేలు కరుత్తాదనా?"

"సొక్కా ఇప్పి మచ్చ సూపించు. పేడనీళ్లు పొయ్యం."

"మీకు సూపించడానికి కాదే సింహం గీరింది," అన్నాడు. బిందెడు నీళ్లు ఆయన కాళ్ల మీద పడ్డాయి.

మధ్యాహ్నం మా ఇంటి వెనక ఇప్పచెట్టు దగ్గరికి ఎలుగు వచ్చేసరికి ఊళ్లో ఉన్న మగమనిషి ఆయనొక్కడే. నేను తమ్ముడి వైపు తల ఊపాను. వాడు బిగుసుకుని నిలబడిపోయాడు. తాత గొడుగు నేలకు కొడుతూ పక్కగా నడిచి, ఎలుగుకు ఎదురుగా దాన్ని టప్పున విప్పాడు. ఎలుగు వాణ్ణి వదిలి ఆయన మీద పడింది. ఆడవాళ్లు బిందెలు మోగిస్తూ పరుగెత్తుకొచ్చాక గానీ అది పొదల్లోకి పోలేదు.

ఆసుపత్రిలో కాంపౌండరు చొక్కా కత్తిరించి భుజానికి కుట్లు వేశాడు. గుమ్మం దగ్గర పొద్దుటి ఆడవాళ్లే నిలబడ్డారు.

"బాబూ, అక్కడ పాత మచ్చేటైనా ఉందేటి?" అని అడిగింది ఒకామె.

"తోలే నేదమ్మా. మచ్చెక్కడ ఎతకను?"

ఆ తర్వాత తాత వేసవంతా చొక్కా లేకుండానే తిరిగాడు. అడిగినవాళ్లకు, "అడుగున సింహం, పైన ఎలుగు," అనేవాడు. నాలుగైదేళ్లకు పోయాడు. మొంబాసా నిజమేనని తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. అమ్మ నవ్వి ఊరుకుంటుంది. ఎలుగు చీల్చింది కూడా ఎడమ భుజాన్నే.