కోడి రెక్కతో సృష్టి పాఠం

మా జువాలజీ మేడమ్ పోయారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో పెద్ద అంబర్‌పేట బస్సు కోసం నిలబడి ఉండగా, మా పాత కోచింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూశాను. ముందు రోజు సాయంత్రం గుడికి, అంటే వాళ్ల చర్చికి, వెళ్లి పూజ చూసుకుని వచ్చారట, పెరుగన్నం తిన్నారట, పడుకున్నారట. పొద్దున లేవలేదు. డెబ్బై ఆరేళ్లు.

బస్సెక్కి కూర్చున్నాక ఏడుపొచ్చింది. కాసేపటికి ఆమె అన్న మాటేదో గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. పక్క సీటులో పూలబుట్టతో కూర్చున్న అవ్వ నన్ను వింతగా చూసి, "ఏమైంది బిడ్డా?" అని అడిగింది.

"మా మేడమ్ చనిపోయింది అవ్వా."

"మరి నవ్వుతవేంది?"

ఆ అవ్వకు అప్పుడు చెప్పలేనిదే ఇప్పుడు రాస్తున్నాను.

మాది పోచంపల్లి. నాన్న మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాక సైదాబాద్‌లో కిరాయికి దిగాం. నన్ను డాక్టరు చేయాలని నాన్న కోరిక. అందుకని మా దుకాణానికి నాలుగు గుమ్మాల అవతల, మూడో అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్లో చేర్పించారు. మేడమ్ అక్కడే చెప్పేవారు. సర్కారు కాలేజీలో రిటైరై, మన్సూరాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషి, నేత చీర, నల్లదారానికి చిన్న సిలువ. మూడంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చి, "దేవుడు నాకు మోకాళ్లు ఇచ్చిండు గానీ గీ మెట్లకు సరిపోయేటివి ఇయ్యలే" అనేవారు.

పాఠం మొదలుపెట్టే ముందు ఆమె సిలువ గుర్తు వేసుకునేవారు. చేతిలో సుద్దముక్క ఉన్న సంగతి ఎప్పుడూ గుర్తుండేది కాదు. నుదుటి మీద తెల్లటి చుక్క పడేది. కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఆమెను శివభక్తురాలని అనుకుని, శివరాత్రికి జాగారం చేస్తారా అని కూడా అడిగారు.

ఆమె దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో బిస్కెట్లు ఉండవు, ఎముకలుంటాయి. ఆదివారం పూజ అయ్యాక వాళ్లింట్లో కోడికూర. ఆ కోడి రెక్క ఎముకలు ఉడకబెట్టి, కడిగి, ఎండబెట్టి తెచ్చేవారు. పరిణామం పాఠం వచ్చినప్పుడు ఆ డబ్బా బెంచీల మీదుగా తిరిగేది. "పై భాగంల ఒకటే ఎముక. కింద రెండు. ఆ తర్వాత చిన్న చిన్నవి. చూసిండ్రా? ఇప్పుడు మీ చెయ్యి తడుముకోండ్రి" అనేవారు. నలభై మందిమీ మా భుజాలు, మోచేతులు నొక్కుకుంటూ కూర్చునేవాళ్లం. ఒకటి, రెండు, తర్వాత చిన్నవి. గబ్బిలానికీ అంతే, తిమింగలానికీ అంతే అని ఆమె బోర్డు మీద బొమ్మలు వేస్తుంటే నా ఒళ్లు జలదరించింది. ఆ రోజు ఇంటికెళ్లి మా అమ్మ చెయ్యి కూడా తడిమి చూశాను. "ఏందే, పరేషాన్ చేస్తున్నవ్" అని విసుక్కుంది.

మరుసటి రోజు నేను నా తెలివి చూపించబోయాను. "మేడమ్, మా దశావతారాల్ల గిదంతా ముందే ఉంది. చేప, తాబేలు, పంది, తర్వాత మనిషి" అన్నాను. ఆమె కొట్టిపారేయలేదు, మెచ్చుకోనూ లేదు. "మంచి కథ బిడ్డా. మా ఆదికాండమూ మంచి కథే. వాటికి జువాలజీ సర్టిఫికెట్ ఎందుకు? అవి వాటి గొప్పతనంతోని నిలబడతయి. పరీక్షల మాత్రం ఎముకల గురించి రాయి" అన్నారు.

నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు రోజ్‌లిన్. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కతోలిక కుటుంబం. మేడమ్ వెళ్లే గుడికే వీళ్లూ వెళ్లేవారు. ఆదివారాలు పూజ తర్వాత చిన్నపిల్లలకు సత్యోపదేశం, అంటే మత పాఠం, చెప్పేది కూడా మేడమే. రోజ్‌లిన్ వాళ్ల తాతగారు ఊళ్లో నలభై ఏళ్లు ఉపదేశిగా పనిచేసిన మనిషి. ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థనలు నడిపించి, పిల్లలకు బైబిలు కంఠతా పట్టించిన ఆయన. ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు.

ఒకనాడు రోజ్‌లిన్ ఎర్రబడిన కళ్లతో వచ్చింది. ఆమె నోట్‌బుక్కులో కోతి, మనిషి పుర్రెల బొమ్మలు తాతగారి కంట పడ్డాయి. పాఠం చెప్పింది ఎవరో తెలిసి ఆయన మండిపడ్డారు. రోజ్‌లిన్‌ను కోచింగ్ మాన్పిస్తామన్నారు. అక్కడితో ఆగక గుడికి వెళ్లి, ఇలాంటి ఆవిడ చేత పిల్లలకు సత్యోపదేశం ఎలా చెప్పిస్తున్నారని ఫాదర్ గారిని నిలదీశారు. ఆయన కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్. గొడవెందుకని, "కొన్ని వారాలు ఆగండి మేడమ్" అన్నారట.

ఆ వారం మేడమ్ పాఠంలో నవ్వు లేదు. ఇరవై ఏళ్లుగా చెప్తున్న ఆదివారం క్లాసు అది. స్టాఫ్ గదికి నోట్సు ఇవ్వడానికి వెళితే, టిఫిన్ డబ్బా మూత తెరిచి తినకుండా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "రోజ్‌లిన్ ఇల్లు నీకు ఎరుకేనా?" అని అడిగారు. ఎరుకే అన్నాను. "రేపు నన్ను తీస్కపో. నా క్లాసు పోతే పోయింది. ఆ పిల్ల చదువు పోవద్దు."

మరుసటి రోజు మధ్యాహ్నం వెళ్లాం. తాతగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఒళ్లో బైబిలు. మమ్మల్ని కూర్చోమనైతే అన్నారు గానీ, మొహంలో కోపం తగ్గలేదు.

"పొద్దున పూజలో సత్ప్రసాదం తీసుకుంటారు. పది గంటలకి మనిషి కోతిలోంచి వచ్చాడంటారు. ఇదేం పద్ధతండీ మేడమ్ గారూ?"

"కోతిలకెంచి వచ్చిండని నేను ఎన్నడూ చెప్పలే ఉపదేశి గారూ. కోతులకూ మనకూ పూర్వీకులు ఒక్కరే అని చెప్పిన."

"ఇంకా నయం! చుట్టరికం కూడా కలిపారా?"

లోపల తలుపు వెనక రోజ్‌లిన్ నవ్వు ఆపుకోవడం నాకు వినపడింది. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"దేవుడు మట్టితోని మనిషిని చేసిండని మీరు చెప్తరు. నేను కాదన్ననా? ఆ మట్టి మనిషి అయ్యేదాకా ఎంత కాలం పట్టిందో, నడుమల ఏమేం అయిందో చెప్తున్న. అంతే. శరీరం ఎట్ల తయారైందో వెతుక్కోండ్రి, ఆత్మ మాత్రం దేవుడు స్వయంగ ఇచ్చిండని నమ్మండ్రి అని మన కతోలిక సభే చెప్తది. నేను మన సభను దాటి ఒక్క మాట అనలే."

"ఆరు రోజులని రాసి ఉందమ్మా. ఆరు రోజులు."

"ఉంది. సూర్యుడు నాలుగో రోజు పుట్టిండని కూడా ఉంది. మరి మొదటి మూడు రోజులు పొద్దు ఎట్ల పొడిచింది, ఎట్ల గూకింది?"

తాతగారు ఒళ్లో బైబిలు మూశారు. కోపంతో లేచిపోతారేమోనని నాకు భయం వేసింది. కానీ, "ఈ ప్రశ్న నేను తొమ్మిదేళ్లప్పుడు మా ఫాదర్ గారిని అడిగాను" అన్నారు మెల్లగా.

"ఏమన్నరు?"

"చెవి మెలేశారు. మళ్లీ అడగలేదు."

"నేను మెలెయ్యను. అడగండ్రి" అన్నారు మేడమ్.

ఆ ముసలాయన నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆ తర్వాత గంటన్నర ఆయన అడుగుతూనే ఉన్నారు. నోవహు ఓడలో చేపలు ఎందుకు లేవన్న దగ్గర్నుంచి, మగవాడికి పాలిండ్ల గుర్తులు ఎందుకున్నాయన్న దాకా. కొన్నింటికి మేడమ్ జవాబు చెప్పారు, కొన్నింటికి "తెల్వదు" అన్నారు. తెలియదని ఆమె అంత హాయిగా అనడం ఆయనకు అన్నిటికంటే ఎక్కువ నచ్చిందని రోజ్‌లిన్ తర్వాత చెప్పింది. వచ్చేటప్పుడు మేడమ్, "ఒకసారి మా క్లాసుకు రాండ్రి. విని, తప్పనిపిస్తే పిల్లను అప్పుడే తీస్కపోండ్రి" అన్నారు.

నిజంగానే వచ్చారు. గొడుగు, బైబిలు పట్టుకుని, మూడంతస్తులూ ఎక్కి. తెల్ల పంచె, లాల్చీ చూసి ఎవరో తనిఖీకి వచ్చారనుకుని క్లాసంతా లేచి నిలబడింది. ఆయన చివరి బెంచీలో కూర్చుని గంటసేపు కదలకుండా విన్నారు. బిస్కెట్ల డబ్బా తన దాకా వచ్చినప్పుడు రెక్క ఎముక తీసి, తన లాల్చీ చెయ్యి పైకి మడిచి, పక్కన పెట్టి చూసుకున్నారు. ఆఖర్న చెయ్యెత్తారు.

"అంతా విన్నానమ్మా. మరి ఆత్మ ఎప్పుడొచ్చింది? ఏ ఎముక దగ్గర?"

"గా ఎముక మాకు దొరకలే ఉపదేశి గారూ. ఇక ముంగట కూడా దొరకది. అది నా సబ్జెక్టు కాదు, మీది. ఆదివారం పిల్లలకు మీరే చెప్పాలె."

ఆయన లేచి నిలబడ్డారు. "ఆదివారం మిమ్మల్ని ఆపించింది నేనేనమ్మా."

"నాకు ఎరుకే. అందుకే మిమ్మల్నే చెప్పమంటున్న."

ఆయన అక్కడి నుంచి నేరుగా గుడికి వెళ్లి ఫాదర్ గారితో మాట్లాడారు. తర్వాతి ఆదివారం నుంచి సత్యోపదేశానికి ఇద్దరు గురువులు. ఆయన ఆదికాండం చెప్పేవారు, ఆ వెనక ఆమె డైనోసార్ల గురించి చెప్పేవారు. అల్లరి చేసే పిల్లలు కూడా ఆ గంట కదిలేవారు కాదట. కోతుల విషయం ఒప్పుకున్నారా అంటే మాత్రం, "ఆలోచిస్తున్నాను" అనేవారు తాతగారు. పన్నెండేళ్లుగా అదే మాట. పండగలకు మేడమ్ ఆయనకు కోడికూర పంపితే, గిన్నెతో పాటు రెక్క ఎముకలు కడిగి తిరిగి పంపేవారు.

రోజ్‌లిన్‌కు మెడికల్ సీటు వచ్చింది, నాకు రాలేదు. నేను మేడమ్ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. "జర ఆగు. నువ్వు మీ అమ్మ చెయ్యి తడిమి చూసినవని చెప్పినవ్ గదా? గట్ల ఇంటికి పోయి తడిమి చూసేటోళ్లే పాఠం చెప్పాలె" అన్నారు. అందుకే ఈ రోజు నేను పెద్ద అంబర్‌పేటలో స్కూలు పిల్లలకు బయాలజీ చెప్తున్నాను.

టీచరునయ్యాక ఒకసారి వాళ్లింటికి వెళ్లి, చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను. "మేడమ్, ఇవన్నీ చదివి మీకు దేవుని మీద ఎన్నడూ డౌట్ రాలేదా?"

ఆమె వేరుశనగకాయలు ఒలుస్తున్నారు. "వచ్చింది. మా ఆయన దవాఖానల మూడు నెలలు బాధపడి పోయినప్పుడు వచ్చింది. ఆయనకు ఎందుకు ఇంత బాధ అని దేవునితోని కొట్లాడిన. ఇప్పటికీ అప్పుడప్పుడు కొట్లాడుత. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఎన్నడూ రాలే. అప్పుడైతే ఇంకింత దగ్గరున్నట్టు ఉంటది" అన్నారు. తర్వాత నా దోసిట్లో పలుకులు పోసి, "తిను" అన్నారు.

అంత్యక్రియల పూజకు మా బ్యాచ్ నుంచే పదిహేడు మందిమి వెళ్లాం. ఎక్కువమందికి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియదు. ముందు వరుసలో ఒక పెద్దావిడను చూస్తూ ఆమె ఏం చేస్తే అది చేశాం. మధ్యలో ఆవిడ దగ్గొచ్చి బయటికి వెళ్లడానికి లేస్తే, మా రెండు వరుసలూ టక్కున లేచి నిలబడ్డాయి. ఫాదర్ గారు కూడా ఒక్క క్షణం ఆగిపోయారు. మేడమ్ ఉంటే కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వేవారు.

మట్టి వేసి వచ్చాక రోజ్‌లిన్ వాళ్లింటికి వెళ్లాను. ఆమె ఇప్పుడు పిల్లల డాక్టరు. తనకే రెండు నెలల పాప. తాతగారికి తొంభై దాటాయి, మంచం దిగలేరు. సమాధి దగ్గరికి రాలేకపోయినందుకు పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదట. రోజ్‌లిన్ పాపను తెచ్చి ఆయన పక్కన పడుకోబెట్టింది. ఆయన బుగ్గ తాకబోతే, పాప చటుక్కున ఆయన చూపుడువేలు పట్టుకుంది. మెల్లగా లాక్కోబోయారు. వదల్లేదు.

"ఇంత పట్టు ఎక్కడిదే దీనికి?" అన్నారు.

"పుట్టిన పిల్లలందరికీ ఉంటుంది తాతయ్యా. వెనకటికి మన పూర్వీకుల ఒంటినిండా బొచ్చు ఉన్నప్పుడు, పిల్లలు తల్లిని పట్టుకుని వేలాడేవాళ్లు. పడిపోకుండా. ఆ అలవాటు ఇంకా మిగిలిందంటారు. నాలుగైదు నెలలకు పోతుంది."

ఆయన చాలాసేపు ఆ చిన్న పిడికిలినే చూశారు. "ఈ సంగతి మేడమ్ గారు నాకు చెప్పలేదే" అన్నారు. "ఇంకా ఎన్ని చెప్పాల్సినవి ఉండిపోయాయో."

రోజ్‌లిన్ టీ తెచ్చి పెట్టింది. కప్పు అందుకోవాలంటే ఆ చెయ్యి కావాలి. ఆయన వేలు తీసుకోలేదు. పాప నిద్రపోయింది, పట్టు అలాగే ఉంది. టీ చల్లారిపోతున్నా, తాతగారు కదలకుండా ఆ వేలిని పాపకే వదిలేసి కూర్చున్నారు.