హీరో ఎలుకా, ఉల్లి పకోడీ

పరువు ఎలా పోగొట్టుకోవాలో నేర్చుకోదలచినవాళ్ళు ఇటు దయచేయండి. ఒక చిట్టెలుకని నమ్ముకుని, ఫిల్మ్‌నగర్‌లో ఓ పెద్దమనిషి జీవితాశయాన్ని నట్టేట ముంచబోయిన ఘనురాలిని నేను.

అప్పుడు ఎలుకల మీద పరిశోధన చేస్తున్నాను. మామూలు ఎలుకలు కావండోయ్! వాటిలో ఒక జన్యువుకి అటూ ఇటూ కత్తిరింపు గుర్తులుంటాయి. కత్తెరా వాటి ఒంట్లోనే నిద్రపోతూ ఉంటుంది. మేం మందు పెడితే లేస్తుంది, అదీ మెదడులో మేం కోరిన చోట మాత్రమే. జన్యువు తెగాక ఎలుక ఎలా మారిందో చూసి, ఆ జన్యువు చేసే పనేమిటో తేలుస్తాం. మా జన్యువు పని భయపెట్టడమేనని మా అనుమానం. ఒకటే మెలిక: పుట్టిన పిల్లలన్నిటికీ కత్తెర రాదు. దేనికొచ్చిందో తోక ముక్క పరీక్షలోనే తెలుస్తుంది. ఈ మెలిక మీరైనా గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

మా కింది వాటాలో బుచ్చిబాబు గారు ఉండేవారు. తల నెరిసినా ఇంకా కో-డైరెక్టరే. ఒక్క సినిమాకైనా డైరెక్టరు కావాలని ఆయన కల. భయాన్ని పోగొట్టే మందు కనిపెట్టిన శాస్త్రవేత్త కథ రాసుకున్నారు.

"సైన్సు నువ్వు చూసుకోమ్మాయ్, సెంటిమెంటు నేను చూసుకుంటా" అన్నారు.

ఇక రోజూ స్టోరీ సిట్టింగులే. సిట్టింగంటే ఏమనుకున్నారు? కథ కాస్త, పకోడీలు పళ్ళెం నిండా! వాళ్ళావిడ, పిన్ని గారు వేయించే ఉల్లి పకోడీల ఘుమఘుమకి నాకు కళ్ళు మూతలు పడేవి, మూసిన కళ్ళలో వెండితెర వెలిగేది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆ మైకంలోనే ఆటో ఎక్కి ల్యాబ్‌కి బయల్దేరాను. జూబ్లీహిల్స్ బండరాళ్ళ మీద మబ్బులు వాలి కునుకు తీస్తున్నాయి. గోడల మీంచి కాగితం పూలు రాలుతుంటే, అవి నా మీదే చల్లుతున్నారనిపించింది. తెర మీద నా పేరు పడుతోంది, ఎవరో శాలువా కప్పుతున్నారు...

"మేడమ్, దిగుతరా, జర చెప్పుండ్రి!" అని ఆటో అతను కేకేస్తే గానీ నేల మీదికి రాలేదు.

ల్యాబ్‌లో కోటు బొత్తాలైనా పెట్టుకోకుండా, మందు తిన్న ఎలుకని పెద్ద పెట్టెలో వదిలి వంగి చూశాను. భయమున్న ఎలుక గోడ వారనే పాకుతుంది. ఇది తిన్నగా నడిబొడ్డుకి నడిచొచ్చి, వెనక్కాళ్ళ మీద కూర్చుంది. వదిలినప్పటి నుంచీ అంతా ఫోన్‌లో తీసేశాను. తోక ఫలితం రాలేదే అని మనసు గొణిగింది. హీరోని ఎవరైనా ఆధార్ కార్డు అడుగుతారా అని దాని నోరు మూయించాను. కత్తెర తేలలేదు, ఫలితం రాలేదు, ఎలుక పేరు హీరో!

మర్నాడు నిర్మాత యాదగిరి గారి ఆఫీసులో కథ వినిపించాం. పెద్ద టీవీలో నా వీడియో వేశారు.

"ఏందమ్మా, గింత ధైర్యమా! జర మళ్ళీ వెయ్యుండ్రి" అన్నారాయన. బుచ్చిబాబు గారి మొహం మతాబాలా వెలిగిపోయింది.

రెండోసారి వేశాం. ఉన్నట్టుండి బుచ్చిబాబు గారు "కట్! కంటిన్యుటీ పోయింది!" అని లేచి నిలబడ్డారు. "ఎలుక రాకముందు పెట్టె మధ్యలో ఏదో ఉంది. లేచి వెళ్ళాక లేదు."

యాదగిరి గారు బొమ్మ పెద్దది చేయించారు. "గోధుమ రంగుల గిదేంది?"

"అది... మన పకోడీనే అమ్మాయ్. కరివేపాకు కూడా కనిపిస్తోంది" అని నావైపు తిరిగారు బుచ్చిబాబు గారు. నా చున్నీకి అంటుకుని వెళ్ళి, వంగినప్పుడు రాలిందన్నమాట! అనేశాక గానీ ఏం చేసుకున్నారో ఆయనకి తట్టలేదు. నోటి దగ్గరికొచ్చిన ముద్దని తన చేత్తోనే తోసేసుకున్నారు పాపం. ఆయన మొహం చూడలేక నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే ల్యాబ్ నుంచి ఫోన్‌లో కబురు: ఆ ఎలుకకి కత్తెర లేదు, జన్యువు చెక్కుచెదరలేదు.

అదీ చెప్పేశాను. యాదగిరి గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"గా మందు కథ పక్కకు పెట్టు బుచ్చిబాబూ. గీ పిల్ల కథ తియ్యి. ఎంత నవ్వొస్తున్నది! చేతికొచ్చిన సినిమా పోతదని గూడ అనుకోకుండ తప్పు పట్టినవ్ చూడు, డైరెక్టర్‌వి నువ్వే."

బుచ్చిబాబు గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ బతికిపోయాననుకున్నాను. మా ప్రొఫెసర్ గారికి వీడియో చూపించేదాకా.

"ఎలుక భేషుగ్గా ఉందమ్మా" అన్నారాయన తాపీగా. "మందైనా అక్కర్లేకుండా, ఒక్క పకోడీ వాసన తగిలితేనే తెగిపోయేది నీ బుద్ధి. ఇంత చక్కటి నమూనా మన ల్యాబ్‌లో ఇంకోటి లేదు."

కనుక పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తోక ఫలితం చూడనిదే ఏ ఎలుకనీ హీరో అని పిలవను. ల్యాబ్‌కి వెళ్ళే రోజు ప్రాణం పోయినా పకోడీ ముట్టను.

సెలవు రోజుల సంగతి ప్రమాణంలో లేదు.