ప్రాణం పోయిన బండి గురించి నేను చెప్పిన శాస్త్రం

ఉపమాక కొండ మీద వెలసిన వేంకటేశ్వరా, నీకు జయం. మేము పైకి చదివేదీ వింటావు, లోపల దాచుకునేదీ వింటావు. ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టింది నీ ఓర్పే తప్ప నా భక్తి కాదు.

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అనకాపల్లిలో మా భజన గోష్ఠిలో ప్రతి శనివారం పురాణం చదివి అర్థం చెప్పేది నేనే. నేను ఏది చెబితే అది గ్రంథంలో ఉందని నమ్ముతారు. ఆ నమ్మకాన్నే పనిముట్టు చేసుకున్నాను.

నా స్నేహితుడొకడు బెల్లం వ్యాపారి. వాళ్ల తాత కొన్న మోరిస్ కారంటే అతనికి ప్రాణం. మీగడ రంగు. గుండ్రటి దీపాలు. మలుపు దగ్గర మీట తిప్పితే తలుపు పక్కనుంచి ఎర్రటి చిన్న చెయ్యి లేచి, ఎటు తిరుగుతున్నామో చూపించేది. అందులో కూర్చుంటే నేను మామూలు బడిపంతులుని కాననిపించేది. జరీ పంచె, కోటు, వెండిపొన్ను చేతికర్ర ఉన్న ఏ కాలపు పెద్దమనిషినో అనిపించేది. అది కారు మీద ఇష్టమా, నాకు లేని పెద్దరికం మీద ఆశా? ఇప్పటికీ తేల్చుకోలేను.

"బావా, దండం సామికెడతావు, సూపు మాత్రం నా బండి మీదెడతావు" అని అతను అందరి ముందూ నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒక ఉదయం అతను ఉపమాక నుంచి దర్శనం చేసుకుని తిరిగి వస్తూ, కారు రోడ్డు పక్కన ఆపి స్టీరింగు మీద తల వాల్చాడు. మళ్లీ ఎత్తలేదు.

కర్మకాండ అయిపోయాక అతని భార్య నన్ను పిలిపించింది. ఆవిడను నేను అక్కా అని పిలుస్తాను. వెళ్లేసరికి షెడ్డులో, కారులో, అతను కూర్చునే చోట కూర్చుని ఉంది.

"తమ్ముడూ, నువ్వు అన్నీ సదివినోడివి. ఆయన పేనం ఇందులోనే పోయింది. దీన్ని ఉంచుకోవచ్చా? రోజూ సాయంత్రం కాసేపు ఇలా కూకుంటన్నాను. ఆయన పక్కనున్నట్టే ఉంటంది. తప్పేటి?"

తప్పు లేదక్కా అనాలి. రెండు మాటలు. ఆ రెండు మాటలకీ నా నోటికీ మధ్య ఆ మీగడ రంగు అడ్డం వచ్చింది.

"ఉంచకూడదక్కా. పేనం పోయిన బండి ఇంట్లో ఉంటే జీవుడు దాన్నే పట్టుకుని ఉండిపోతాడు. పైకెల్లలేడు. గ్రంథంలో ఉంది."

ఆవిడ చటుక్కున సీటు మీంచి లేచింది.

"అయితే ఆయన్ని నేనే ఆపేత్తన్నానా?"

నేను తల ఊపాను. అవును, ఊపాను. ఆవిడే అంది: "నువ్వే తీసుకుపో తమ్ముడూ. నామం ఎట్టుకునేవోడివి, నీకేం కాదు." ఆ మాట కోసమే కాచుకుని ఉన్నానని నాకు తెలుసు. దేవుడికీ తెలుసు.

ఆ తర్వాత ఎన్ని గ్రంథాలు తిరగేశానో! ఎక్కడో ఒక చోట అలాంటి వాక్యం ఉండకపోతుందా, ఉంటే నా అబద్ధం నిజమైపోతుంది కదా అని. దొరకలేదు. ఊళ్లో కొత్త దంపతులు ఆ కారు పక్కన పాతకాలపు వేషాలు వేసుకుని ఫొటోలు తీయించుకుంటారు. నేను కోటు తొడుక్కుని తలుపు తెరిచి నిలబడతాను. అందరూ మురిసిపోతారు. అక్క మాత్రం బజారులో ఆ కారు ఎదురైతే గోడ వైపు తిరిగి, అది వెళ్లిపోయేదాకా అలాగే నిలబడుతుంది. ఆయన ఇంకా అందులోనే ఉన్నాడేమోనని భయమా? అడిగే ధైర్యం నాకు లేదు.

కిందటి శనివారం గోష్ఠి అయ్యాక మునగపాక రైతు ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, మా నాన్న టాక్టరు మీదుండగానే పోయేడు. పేనం పోయిన బండి ఉంచకూడదని మీరే సెప్పేరంట కదా. ఎవరికైనా ఇచ్చేద్దారనుకుంటన్నాను. మరి సెరకు ఎలా తోలాలో తెల్డం లేదు."

నేను ఒక్కరితో అన్న మాట ఊరి శాస్త్రమైపోయిందా? అది ఇంకెన్ని ఇళ్లలోకి వెళ్లింది? అప్పుడైనా చెప్పానా? లేదు. "వచ్చే శనివారం దాకా ఆగు" అన్నాను.

రేపే శనివారం. గోష్ఠిలో చెప్పాలి. దానికంటే ముందు అక్క ఇంటికి వెళ్లాలి. కారు తిరిగి ఇవ్వగలను. "మరి నా సాయంత్రాల మాటేటి తమ్ముడూ?" అని అడిగితే? పదకొండేళ్ల సాయంత్రాలు నేనెక్కడి నుంచి తేగలను?

అయినా ఇది కాగితం మీద పెట్టాక గుండె మీది బరువు కాస్త పక్కకు జరిగింది. తగ్గలేదు, జరిగింది.

నాకు క్షమ దొరకాలని కోరకండి. చేతులు జోడించి నాతో పాటు ఈ ఒక్క మాట అనండి: స్వామీ, ఆయన్ని తను ఆపలేదని ఆవిడకు తెలిసేదాకా, ఈ మనిషిని ఆ గుమ్మం దగ్గర నుంచి వెనక్కి తిరగనీయకు.