రుమాలు కింద ముల్లు

సామ్ సుందర్ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషులను పలకరించడు, ప్లగ్గును పలకరిస్తాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అతని కళ్ళు గోడల వెంట పాకుతాయి. "బాగున్నరా?" అని నోరు అడుగుతుంటే, "పదిహేను ఆంపియర్లదేనా?" అని చూపు అడుగుతుంటుంది. ఇంటివాళ్ళు మంచినీళ్ళు తెచ్చేలోగా అతని వైరు కిటికీలోంచి లోపలికి వచ్చేసి ఉంటుంది.

ఇంతకీ ఆ వైరు అతని కారుది. బెంగుళూరులో తయారైన బుల్లి కరెంటు కారు. ఇద్దరు పెద్దవాళ్ళు సర్దుకు కూర్చోవచ్చు, మూడో మనిషి అలిగి దిగిపోవాలి. రెండువేల మూడులో నాంపల్లి మొత్తానికి అలాంటి బండి అదొక్కటే. అది సందులోకి వస్తే పిల్లలు వెంటపడి పరుగెత్తేవారు, ఓపికున్నవాళ్ళు దాటిపోయేవారు కూడా.

స్టీరింగు వెనక చార్జింగు ఎంతుందో చూపే ముల్లు ఒకటి ఉంది. సామ్ దాని మీద ఎప్పుడూ తెల్ల రుమాలు కప్పి ఉంచేవాడు.

"అది కిందికి దిగుతుంటే నా బీపీ పైకెక్కుతది," అనేవాడు.

"మరి ఎంత మిగిలిందో ఎట్ల తెలుస్తది?"

"దేవునికి తెలుసు."

ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మంచి పట్టులో ఉండగా పాస్టరుగారి మైకు మూగబోయింది. వెతగ్గా వెతగ్గా ఆ ప్లగ్గులో వేరే వైరు కనిపించింది. దాన్ని పట్టుకుని వెళితే కిటికీ దాటి, క్రోటను మొక్కలు దాటి, సామ్ కారు దగ్గర తేలింది. ఆ వారం నుంచి భార్య సుగుణమణి అతనికి దూరంగా వేరే బెంచీలో కూర్చుంటోంది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తన వైరు పెట్టుకోవడానికి జెయింట్ వీల్ వాణ్ణి "ఒక్క అరగంట ఆపరాదు?" అని అడిగిన ఘనత కూడా అతనిదే.

అలాంటి కారు కొనాలని ఎవరైనా సలహాకొస్తే సామ్ ముందు వాళ్ళ చుట్టాల గురించి ఆరా తీసేవాడు.

"అబిడ్స్‌ల మీకు ఎవరున్నరు?"

"ఎవరూ లేరు సార్."

"సుల్తాన్ బజార్ల?"

"మా మేనత్త ఉన్నది. మాటల్లేవు."

"ముందు పోయి ఆమెతోటి కలిసిపో, తర్వాత బండి కొను. బంధుబలం లేనోడు కరెంటు కారు కొనొద్దు."

ఈ వింత అంతటినీ దగ్గరగా చూసి బెంగపడే మనిషి వామన్‌రావు. సామ్ ఉండే ఇంట్లోనే కింది వాటా, ఈమధ్యనే రిటైరైన కోర్టు గుమాస్తా. పుట్టుకతోనే ఫికర్ మనిషి. తాళం వేసి, లాగి చూసి, సందు చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే రకం. అతనికి అంతుపట్టనిది ఒక్కటే: సామ్ తన నీలం ఫియట్‌ను ఎందుకు అమ్మాడు? ఆ బండిని అతను కన్నబిడ్డలా చూసుకున్నాడు. రోజూ పొద్దున్నే వామన్‌రావు వాళ్ళ పడకగది కిటికీ కింద దాన్ని స్టార్టు చేసి, "ఇంజను జర గొంతు సవరించుకోవాలె" అంటూ చాలాసేపు అలా ఉంచేవాడు. అలాంటివాడు ఒక ఎండాకాలం ఉన్నట్టుండి అమ్మేసి ఈ బొమ్మ కారు తెచ్చాడు. అడిగితే "జమానా మారింది" అన్నాడు.

ఆ ఏడాది వామన్‌రావు ఇంట్లో మాత్రం ఒక మంచి జరిగింది. భార్య ప్రభావతికి ఎన్నాళ్ళనుంచో ఉబ్బసం. మృగశిర కార్తెనాడు నుమాయిష్ మైదానంలో చేపమందు ఇస్తారు కదా, వామన్‌రావు జనంలో నలిగి నానా అవస్థా పడి, శాకాహారులు కనక చేపకు బదులు బెల్లంలో పెట్టిన మందు ఆమెతో మింగించాడు. ఆయాసం సగానికి సగం తగ్గింది. ఇక అతను ఆ కథ చెప్పని మనిషి లేడు. చెప్పినప్పుడల్లా సామ్ తలూపేవాడు.

"ఔ, మందు మంచిగ పనిచేసింది."

ఒకరోజు మధ్యాహ్నం వామన్‌రావు పరుగున మేడెక్కాడు.

"సామ్ భాయ్! నీ ఫియట్టే అమ్మకానికొచ్చింది! చాదర్‌ఘాట్ల బాలకిషన్ షెడ్డుల ఉన్నదంట. నాలుగింటికి ఇంకో పార్టీ వస్తదంట, అంతకంటె ముందు మనం పోవాలె. నువ్వు జర చూసి పెట్టు."

సామ్ ముఖం వాడిపోయింది. "గా బండా? వద్దు."

"వద్దేంది? ప్రభావతిని జిందగీల ఒక్కసారన్న సొంత కార్ల తిప్పుతానని మాటిచ్చిన. గింతకంటె మంచి బండి నాకు మళ్ళ దొరకదు."

"అది బండి గాదు, శని! గేరు ఇరుక్కుంటది, డోరు ఊడుతది, వానకు కురుస్తది."

"మొన్ననే గదా దాని ఫోటో చూసి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నవ్!"

"గవి కోపంతోటి వచ్చినయ్. కొంటె నా తీరు కరెంటు బండే కొను."

"నీ తిప్పలు చూసినంక గూడనా?"

చివరికి సామ్ అయిష్టంగానే కారు తీశాడు. ఏసీ వెయ్యలేదు, చార్జింగు తింటుందట. హారన్ కొట్టలేదు, అదీ తింటుందట. అడ్డొచ్చినవాళ్ళను కిటికీలోంచి తల పెట్టి "జరగండి నాయనా" అని బతిమాలుకుంటూ పోయాడు. స్టేషన్ రోడ్డు దాటకముందే కరెంటు ఇస్త్రీ కొట్టు దగ్గర ఆపాడు.

"కొంచెం డౌటుగున్నది వామన్‌రావ్. ఈడ జర పెడదాం."

వామన్‌రావు గడియారం చూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ చూసుకున్నాడు. ఇస్త్రీవాడి కరెంటు తాగి బయల్దేరిన బండి అబిడ్స్ రాగానే మళ్ళీ ఆగింది. అక్కడ బుచ్చిబాబు కళ్ళజోళ్ళ కొట్టు ఉంది.

"మళ్ళానా? ఆ పార్టీ ఎత్తుకపోతరు సామ్ భాయ్!"

"రోడ్డు మీద ఆగిపోతె ఎవరు నూకుతరు, నువ్వా?" అంటూ సామ్ వైరు తీసుకుని కొట్టు వైపు నడిచాడు.

ఎండ. అద్దాలు కాలుతున్నాయి. వామన్‌రావుకు ధారగా చెమటలు. జేబు తడుముకుంటే రుమాలు లేదు. ఎదురుగా తెల్ల రుమాలు కనబడింది. తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ముల్లు వైపు చూశాడు.

ముల్లు పైకంటా ఉంది. బండి నిండుగా ఉంది.

ఒక్క ఉదుటున దిగి కొట్టు మెట్ల దగ్గర సామ్‌ను పట్టుకున్నాడు. "నిండుగున్న బండికి చార్జింగా? గింతసేపు నాతోటి ఆటలాడుతున్నవా?"

సామ్ ప్లగ్గు చేత్తో పట్టుకుని దొంగలా నిలబడ్డాడు.

"గా బండి మన కాంపౌండుల వద్దు వామన్‌రావ్."

"ఇన్నేండ్లు నువ్వు పెట్టుకోలేదా?"

"పెట్టిన. గందుకే వద్దంటున్న. పొద్దుగాల నువ్వు పబ్లిక్ గార్డెన్‌కు వాకింగ్ పోతుంటివి, నేను మీ కిటికీ కింద ఇంజను వేడి చేస్తుంటి. ఒక దినం ఎందుకో నడిమిట్ల బందు చేసిన. చప్పుడు ఆగంగనే లోపటికెల్లి ప్రభావతి చెల్లె దగ్గుడు వినొచ్చింది. ఊపిరందక కొట్టుకుంటున్నది. అన్నేండ్లు ఆ చప్పుడుల నాకు వినబడనే లేదు. పొగంత ఆ కిటికీలకే పోతుండె."

"మరి నాకు చెప్పలేదేంది?" అన్నాడు వామన్‌రావు.

"చెప్తె చెల్లె ఊకుంటదా? 'నా కోసం బండి అమ్మినవా అన్నా' అని రోజు బాధపడుతది. ఇంతల నువ్వు చేపమందు మింగిపిస్తివి. మంచిదే అయిందనుకున్న."

ఫియట్ వెళ్ళింది ఎండాకాలంలో. మందు మింగింది మృగశిరలో. రెంటికీ మధ్య, ఆయాసం తగ్గుతూ వచ్చిన ఆ కొద్ది రోజులు వామన్‌రావుకు ఇన్నాళ్ళకు కనబడ్డాయి. కింది వాటా కిటికీలోకి పొగ పోతోందని కన్నబిడ్డలాంటి బండిని అమ్ముకుని, ఊరందరి ప్లగ్గులు అడుక్కుంటూ, ఆ పేరంతా ఒక బెల్లం ముక్కకు ఇచ్చేసిన ఈ మనిషిని చూస్తే అతనికి నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా పైవాటాలో ఉన్న మనిషి తనకు ఇప్పుడే పరిచయమైనట్టనిపించింది.

గడియారం చూసుకున్నాడు. నాలుగు కావడానికి ఇంకా వ్యవధి ఉంది. ఇప్పుడు బయల్దేరినా ఫియట్ దొరుకుతుంది.

సామ్ చేతిలోని ప్లగ్గు లాక్కుని కొట్లోకి నడిచాడు. "బుచ్చిబాబూ, ప్లగ్గు ఏడున్నది?"

"అయ్యో, మీక్కూడ అంటుకున్నదా సార్?" అన్నాడు బుచ్చిబాబు.

వామన్‌రావు ప్లగ్గు పెట్టి, ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మూడు చాయ్ చెప్పు. నాలుగు దాటెదాంక కదిలేది లేదు."

సామ్ కంగారుగా వెంట పరుగెత్తుకొచ్చాడు. "నిండిన బండికి పెడుతవా? బ్యాటరీ ఖరాబైతది!"

"స్విచ్చి ఎయ్యలే, కూసో." వామన్‌రావు తడిసిన రుమాలు మడిచి అతని చేతిలో పెట్టాడు. "చేపమందు మంచిగ పనిచేసింది గదా సామ్ భాయ్."

సామ్ ఎప్పటిలాగే తలూపాడు. "ఔ, మంచిగ పనిచేసింది." చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగాడో లేదో, అతని కళ్ళు గోడ మీద పాకడం మొదలుపెట్టాయి.

"బుచ్చిబాబూ, గా మూలకున్న ప్లగ్గు కొత్తదా? వామన్‌రావ్‌కు గూడ ఇసుంటి బండే తీసుకుంటున్నం. రెండిటికి ఒక్కపారి పెడితె నీ ఫ్యూజు ఆగుతదా?"