రాజమల్లు కాక తరలించిన సాంచాలు

ఈ ఉదయం షెడ్డు తలుపు తీయగానే నూలు దుమ్ము, యంత్రాల నూనె కలిసిన వాసన తగిలి రాజమల్లు కాక గుర్తొచ్చాడు. మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. శాంతి నగర్‌లో కింద కాక సాంచాలు ఆడేవి, పైగదిలో మేము ఉండేవాళ్లం. అమ్మ ఆయన దగ్గరే కండెలు చుట్టేది. పని మానేసినా ఆమె దగ్గు మానలేదు. దుమ్ము మెట్లెక్కి వచ్చేది.

ఒకరోజు కోపం పట్టలేక కిందికి దిగి, అమ్మ దగ్గు నీ సాంచాల దుమ్ము వల్లే కదా అని అడిగేశాను.

“దగ్గు అందరికీ ఉంటది బిడ్డా,” అన్నాడు కాక.

“ఒక్కసారి పైకొచ్చి కూసో కాకా.”

వచ్చాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. రెండు గుక్కలు తాగేలోపే కప్పులో నూలు నూగు తేలింది. అమ్మ ఏదో చెబుతోంది, కింది చప్పుడులో ఆయనకు వినబడడం లేదు. “ఏందే చెల్లె, ఏమంటున్నవ్?” అని మూడుసార్లు అడిగాడు. చివరికి అమ్మ నవ్వబోయి, దగ్గు తెరలో మాట వదిలేసింది. కాక కప్పు కింద పెట్టాడు.

“ఇండ్ల నడుమ సాంచాలు పెట్టి తప్పు చేసిన,” అన్నాడు.

ఊరి బయట షెడ్డు కట్టి అన్నీ తరలించడానికి ఏడాది పట్టింది. తోటి సేట్లు నవ్వారు. అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు గానీ, కంటినిండా నిద్రపోసాగింది. మరాఠీ చదువుకున్నానని కాక నన్ను షెడ్డు పనులు చూడమన్నాడు.

మొదటి వానాకాలంలోనే పక్క పొలం రైతమ్మ బిందెతో వచ్చింది. అందులో వాగు నీళ్లు, పైన మెరుస్తున్న నూనె తెట్టు. “హే పాణీ తుమ్హీ ప్యాల్ కా?” అంది.

“ఈ నీళ్లు మనం తాగుతమా అని అడుగుతుంది కాకా,” అన్నాను తలవంచుకుని. మాడిన నూనె షెడ్డు వెనుక వాగు గట్టున పారబోయించింది నేనే. తిడతాడనుకున్నాను. ఆయన బిందెలో వేలు ముంచి చూశాడు.

“మన మురికి ఆడికెల్లి తీసి ఈమె ముంగట పోసినం. గట్లయితే మనం జరిగి ఏం లాభం బిడ్డా?”

ఆ రోజు నుంచే నూనెను పీపాల్లో పట్టాం. నూగును సంచుల్లోకెత్తి పరుపులు కుట్టేవాళ్లకు ఇచ్చాం. వద్దంటున్నా వినకుండా, కాక తనే పార పట్టి గట్టు మీది జిడ్డు మట్టి ఎత్తాడు. మరుసటి వానలకు రైతమ్మ గేదెలు మళ్లీ వాగులో దిగాయి. నవ్విన సేట్లలో ఇద్దరు వచ్చి మా పీపాలు చూసి వెళ్లారు.

కాక పోయి రెండేళ్లయింది. షెడ్డు ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఎవరైనా కొత్త షెడ్డు చూడమని పిలిస్తే ముందు దాని వెనక్కి వెళ్తాను. నీళ్లు ఎవరి పొలానికి పోతున్నాయో చూశాకే లోపల అడుగు పెడతాను.